పెత్తరమాస బువ్వ

గొర్రెలను దొడ్లోకి తోలి వచ్చిన చెన్నయ్యకు భార్య బీరమ్మ చెంబుతో నీళ్లిచ్చింది.

“ఏమయ్యా, పెత్తరమాసకు పట్నం పోదాం. జూ చూడాలె.”

“పెద్దలకు బువ్వ పెట్టేనాడు పులులను చూస్తవా? ఊరంత నవ్వుతది.”

“పులులు కాదు. మన గుట్టమీద బోనుల పడ్డ తోడేలు ఆడనే ఉన్నదంట.”

చెంబు చెన్నయ్య నోటిదాకా వెళ్లి ఆగింది.

“మన బిడ్డను ఎత్తుకపోయినదాన్ని చూసి ఏం చేస్తవే? రాళ్లేస్తవా?”

“బువ్వ పెడ్త.”

“పిచ్చి లేసిందా? దానికి బువ్వనా?”

“దానికి కాదయ్యా. అందరు గోరీల కాడ పెడ్తరు. మన పిల్లది పూడ్చనీకె ఒక్క బొక్క సుత దొరకలే. మరి నేనేడ పెట్టాలె?”

“మనకు గొర్లనిచ్చిన ఆ బీరప్ప దేవుడే దానికి ఆకలి సుత పెట్టిండా?”

చెన్నయ్య నీళ్లు తాగకుండానే చెంబు కింద పెట్టాడు.

“బెల్లంబువ్వ కట్టు. పిల్లకు అదే ఇష్టం.”