దొరసానిని మాట్లాడించిన కేశవమూర్తి

“కోట కాడ నేను చేసింది పెద్ద పనేమీ కాదప్పా. గేటు తట్టినాను, అంతే. ఉన్నది ఉన్నట్టు చెప్పాల కదా,” అని మొదలుపెట్టాడు కేశవమూర్తి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ఆయన అన్నాడంటే ఆ రోజు కోతలకి హద్దూ పద్దూ ఉండదని, హోసూరు బజారులో ఆయన దగ్గర గిన్నెలు కొనే ప్రతి ఇల్లాలికీ తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం. కింద పాత్రల అంగడికి సెలవు. మిద్దె మీద గదిలో ఒక పెద్ద బల్ల ఉంది, ఆ బల్ల నిండా ఒక కోట ఉంది. కట్టింది కేశవమూర్తి ఒక్కగానొక్క కొడుకు శరత్. అంగడి సామానుతోనే కట్టాడు. బోర్లించిన అండాలు బురుజులు, టిఫిను క్యారియరు గోపురం, ఇడ్లీ రేకులు మెట్లు. లోపలెక్కడో ఆఖరి తలుపుగా ఒక చిన్న పళ్లెం నిలబెట్టాడు. అది వాడి అన్నప్రాశన పళ్లెం. దాని మీద పేరు కేశవమూర్తే స్వయంగా మిషనుతో కొట్టాడు. అక్షరాలు కొంచెం వంకరగా పడ్డాయి, సంతోషంలో తొందరపడ్డాడట.

ఆ కోటలో దయ్యాలు తిరిగే ఒక ఆట ఆడేవారు శరత్, అతని స్నేహితులు. శరత్ కథ చెప్పేవాడు. నమిత, రక్షిత్, లోహిత్ ఆ కథలో మనుషులై “నేను తలుపు తోసినాను”, “నేను కత్తి దూసినాను” అనేవారు. అన్నది నిజంగా జరిగిందో లేదో పాచిక తేల్చేది. “ఇది నా విద్యేరా. నువ్వు పాచికలు చేర్చినావు, అంతే,” అని కేశవమూర్తి తెగ మురిసిపోయేవాడు.

పోయిన డిసెంబరులో, జూజువాడి దగ్గర, పొద్దుటి మంచులో, ఆగి ఉన్న లారీకి శరత్ బండి గుద్దుకుంది. ఆట ఆఖరి తలుపు ముందు ఆగిపోయింది. దాని వెనకాల ఏముందో శరత్ ఎవరికీ చెప్పలేదు.

పలకరించడానికి వచ్చిన రోజు, ఏం మాట్లాడాలో తెలియక నమిత ఆ సంగతే అడిగింది. “ఆ తలుపు వెనకాల ఏముందో మీకేమన్నా చెప్పినాడా అంకుల్?” అని. తెలియదు అనడం కేశవమూర్తి నోటికి పుట్టినప్పటినుంచీ అలవాటు లేదు. “వాడు చెప్పేదేంది, నేనే పోయి చూసి వచ్చినాను,” అనేశాడు. అప్పటినుంచీ ఆదివారం వస్తే ముగ్గురూ వస్తున్నారు, ఆయన చెబుతున్నాడు. వారం వారం కోటకి కొత్త గదులు పుట్టుకొస్తున్నాయి గాని, ఆ తలుపు దాకా మాత్రం ఆయన పోలేదు.

నిజం చెప్పాలంటే ఆయన చెప్పేది ఆ పిల్లలకి కాదు. వంటింటి గుమ్మానికి వేలాడే పచ్చ తెరకి. దాని వెనకాల ఆయన భార్య పుష్పవతి ఉంది.

పెళ్లైన నాటినుంచీ ఆ ఇంట్లో కోతలు కోయడం ఆయన వంతు, గాలి తీయడం ఆమె వంతు. అంచెట్టి దారిలో అడ్డం వచ్చిన ఏనుగుని తిట్టి అడవిలోకి పంపించేశానని ఆయన గల్లా దగ్గర కూర్చుని చెబుతుంటే, పక్కన గరిటెలు తుడుస్తున్న ఆమె తలైనా ఎత్తకుండా, “ఆ దినం మీరు ఏనుగుని చూడనే లేదు. బస్సులో నా భుజం మీద పడి నిద్రపోతా ఉంటిరి,” అనేది. కొనడానికి వచ్చినవాళ్లు కొనడం మరిచి నవ్వేవాళ్లు. “నీకేం తెలుసు?” అని ఆయన ఎగిరిపడేవాడు. ఎప్పుడైనా సరే ఆమె “ఆ దినం మీరు” అనే మొదలుపెట్టేది. చిన్నప్పుడు శరత్ ఆ మాట చెవిన పడితే చాలు, చదివే పుస్తకం పారేసి పరుగెత్తుకొచ్చేవాడు.

కొడుకు పోయాక ఆమె నోరు మూతపడింది. “ఊ”, “సరే”, “అన్నం పెట్టేదా”, అంతకు మించి మాట లేదు. ఏడవను కూడా లేదు. కేశవమూర్తి ఆ మౌనాన్ని భరించలేకపోయాడు. ఎంత పెద్ద అబద్ధమాడితే ఈమె ఊరుకోలేదో అంత పెద్దది ఆడి తీరాలని ఆయన పట్టుదల. ఒక్కసారి “ఆ దినం మీరు” అంటే చాలు. ఇంకేమీ అక్కర్లేదు.

“గేటు తడితే ఏమైందో తెలుసా?” అన్నాడు ఆయన, గొంతు ఒక మెట్టు పెంచి. “కాపలావాడు వచ్చినాడు. తల మెడ మీద లేదు, చంకలో ఉంది.”

“భయం కాలేదా అంకుల్?” అన్నాడు లోహిత్.

“భయమేంటికప్పా, గిరాకీ వస్తే భయపడేవాడు యాపారం చేస్తాడా? వానలో తల తడస్తా ఉండాది, చూస్తే పాపం అనిపించింది. ‘ఏమప్పా, మూతుండే డబ్బా ఒకటి తీసుకో, తల దాంట్లో పెట్టుకో, జలుబు చెయ్యదు’ అంటిని. ఆడికాడనే దాని మీద పేరు కూడా కొట్టిచ్చినాను. కొట్టియ్యకపోతే ఎట్ల? ఆ కోటలో అందరూ తలలు చేత్తో పట్టుకొని తిరిగేవాళ్లే. ఒకరి తల ఒకరు తీసుకొని పోతే నా అంగడి మీదికి కదా వస్తారు!”

రక్షిత్‌కి నవ్వాగలేదు. “దానికి పాచిక వెయ్యాల అంకుల్. వాడు డబ్బా కొన్నాడో లేదో ఊరికే ఎట్ల ఒప్పుకొనేది?”

“నేను పాచిక వేసే రకం కాదప్పా. పాచికే నా మాట విని పడుతుంది.”

అని తెర వైపు ఓరగా చూశాడు. లోపల కొళాయి నీళ్లు పడుతున్న చప్పుడు, లోటాలు కడుగుతున్న చప్పుడు. అంతే.

“లోపలికి పోతే గబ్బిలాలు. ఒకటా రెండా? గోడ కనబడలేదు, పైకప్పు కనబడలేదు. నేనేం చేసినానో తెలుసా? మా అంగడిలో పెండ్లిండ్లకి బాడుగకిచ్చే అండా ఉండాది చూడు, దాన్ని బోర్లించి, గరిటె తీసుకొని ఒక్కటి వేసినాను. అన్నీ ఒకే తూరి ఎగిరినాయి. కృష్ణగిరి డ్యాము కాడ మిట్టమధ్యాహ్నం చీకటై పోయింది! కోళ్లు గూట్లోకి పోయినాయి. హైవేలో లారీలన్నీ లైట్లు వేసుకొన్నాయి. మూకండపల్లిలో రాత్రి షిఫ్టువాళ్లు టైమైపోయిందని లేచి పరుగెత్తి ఫ్యాక్టరీ గేటు కాడ నిలబడినారు.”

“మా నాన్న కూడా పోయినాడా అంకుల్?” అన్నాడు లోహిత్. అతని తండ్రిది రాత్రి షిఫ్టే.

“మీ నాన్నే ముందర! చొక్కా తిరగేసి వేసుకోనుండె.”

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఇంత కోతకి కూడా తెర కదలలేదు. ఒకప్పుడైతే గబ్బిలాల దాకా రానిచ్చేదా ఆమె? గేటు దగ్గరే పట్టుకునేది. ఆయనకి ఉక్రోషం వచ్చింది, దిగులు వచ్చింది, రెండూ కలిసి ఆయన నోరు ఇంకా పెద్దదైంది.

“ఆ తర్వాత మంచు. కోట చుట్టూ మంచు. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. ఆ మంచునంతా చాప చుట్టినట్టు చుట్టినాను. జూజువాడి చెక్‌పోస్టు కాడ మొదలుపెట్టినాను, రోడ్డు పొడుగునా చుట్టుకొంటా వచ్చినాను. ఒక్క పిడికెడు కూడా ఇడిచిపెట్టలేదు. లారీకెత్తి పోచంపల్లి సంతలో అమ్మేసినాను. టమాటాలు వాడిపోకుండా ఉంటాయని జనం ఎగబడి కొనుక్కొని పోయినారు. ఆ పొద్దునుంచి ఆ రోడ్డులో మంచు లేదప్పా. ఎవురి బిడ్డ అయినా కండ్లు మూసుకొని బండి తోలొచ్చు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. లోహిత్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వంటింట్లో కొళాయి చప్పుడు ఆగింది.

ఆగిన చప్పుడు కేశవమూర్తికి వినబడింది. వింటోంది! ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు.

“అప్పుడు ఆఖరి తలుపు తోసినాను,” అన్నాడు.

నమిత నిటారుగా కూర్చుంది. ఇన్ని ఆదివారాల్లో ఆయన ఆ తలుపు మీద చెయ్యి వెయ్యడం ఇదే మొదలు.

“లోపల ఒక దొరసాని. పొయ్యి ముందర కూర్చోనుండాది. పాలు పొంగి పొయ్యిలో పడతా ఉన్నా చూడదు. పిలిస్తే పలకదు. నేనేమన్నా సామాన్యుడినా? ఏనుగు కథ చెప్పినాను. పలకలేదు. ఒక ఏనుగుని ఏడు ఏనుగులు చేసినాను. పలకలేదు. ఏడు ఏనుగులనీ చంకన పెట్టుకొని డ్యాములో ఈత కొట్టినానని చెప్పినాను. మనిషన్నాక అప్పుడైనా ‘అబద్ధం’ అనాల కదా? ఒక్క మాట అనాల కదప్పా? అనలేదు.”

చివరి మాట ఆయన తెర వైపు తిరిగి అన్నాడు. ఆ దొరసాని ఎవరో పిల్లలకి అర్థమైపోయింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక ముగ్గురూ కోటనే చూస్తున్నారు.

“ఆమె ఏంటికి మాట్లాడదు అంకుల్?” అంది నమిత మెల్లగా.

“కొడుకు మంచులోకి పోయినాడు. మళ్లీ రాలేదు.”

“ఈ పొద్దుకి చాలు అంకుల్,” అన్నాడు రక్షిత్.

చాలని ఆయనకీ తెలుసు. కాని జీవితమంతా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయిన నోరు అది, ఆపమంటే ఆగదు.

“చాలేంది? నేనెవురు? కేశవమూర్తిని! ‘ఇంతేనా అమ్మా, దీనికేనా మాట మానేసినావు, నేను తెస్తాను’ అంటిని. మంచులోకి పోయినాను.” అమ్మేసిన మంచులోకి ఎట్లా పోయారని ఎవరూ అడగలేదు. “వాడు ఆడ కూర్చోనుండాడు. బండి పక్కన, హెల్మెటు ఒళ్లో పెట్టుకొని. దెబ్బ లేదు, ఏమీ లేదు. ‘ఏంరా, మీ అమ్మ అన్నం తినకుండా ఉండాది, లెయ్’ అంటిని. చెయ్యి పట్టుకొంటిని. వేడిగా ఉండాదప్పా చెయ్యి. చిన్నప్పుడు సంతకి పిల్చుకొని పోతే ఎట్ల పట్టుకొనేవాడో అట్లనే పట్టుకొన్నాడు. తీసుకొచ్చినాను. తీసుకొచ్చి వాళ్లమ్మ ముందర నిలబెట్టినాను!”

తెర కదిలింది.

పుష్పవతి కాఫీ లోటాల పళ్లెంతో వచ్చింది. దాన్ని కోట పక్కన పెట్టింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆఖరి తలుపుగా నిలబెట్టిన చిన్న పళ్లేన్ని, దాని మీది వంకర అక్షరాల్ని కాసేపు చూసింది.

“ఆ దినం మీరు,” అంది.

కేశవమూర్తి చటుక్కున తలెత్తాడు. ఎన్ని నెలలుగా ఎదురుచూసిన మాట! పాత ఆనందం ఒక్క క్షణం ఆయన ముఖం మీదికి వచ్చింది కూడా. ఆమె తల ఎత్తకుండా, ఎప్పటిలాగే, నిదానంగా చెప్పుకుపోయింది.

“ఆ దినం మీరు యాడికీ పోలేదు. ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చోనుంటిరి. పట్టుకొన్నది వాని చెయ్యి కాదు, నా చెయ్యి. మీ చెయ్యి మంచుగడ్డ మాదిరి ఉండె. తలుపు తెరుచుకొనె. డాక్టరొకడే బయటికి వచ్చినాడు.”

పుష్పవతి ఆ చిన్న పళ్లెం తీసి గుండెకి ఆనించుకుంది. పది నెలలుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది, నిలబడలేక నేల మీద కూలబడింది.

“నీకేం…” అన్నాడు కేశవమూర్తి, అలవాటు కొద్దీ. మిగిలిన మాట నోట్లోనే ఆగిపోయింది. ఆమెకి తెలుసు. ఈ లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు. ఎదురు చెప్పడానికి ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాడు, ఒక్క అబద్ధం కూడా దొరకలేదు.

లేచి పోయి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

“అవును పుష్పా,” అన్నాడు. “నేను పోలేదు. నీ పక్కనే ఉంటిని.”