ఆపే ముందు అడగడం నేర్పిన కోటిరత్నం గారు

1973 జూలై 9వ తేదీ సోమవారం ఉదయం, కొత్తపట్నం సమీపాన సముద్రపు గాలి తగిలే ఒక చిన్న గ్రామంలోని ఉన్నత పాఠశాలలో శ్రీమతి పోపూరి కోటిరత్నం గారు భౌతికశాస్త్ర ఉపాధ్యాయినిగా చేరిననాటికి, అక్కడి పాఠ్యపుస్తకంలో విద్యుత్తును గురించిన అధ్యాయం ఉన్నది గాని, పాఠశాలలో విద్యుత్తు లేదు. రెండు టార్చి బ్యాటరీలు, ఒక రాగితీగ, గోరంత బల్బు పట్టుకుని ఆమె మొదటి పాఠం చెప్పారు. బల్బు వెలిగినంతసేపూ ఊపిరి బిగబట్టి చూసిన చేపల వేటగాళ్ళ పిల్లలు, పాఠం అయ్యీ అవకముందే "ఆర్పెయ్యండి టీచర్, రేపు మళ్ళీ చూడాలి గదా!" అని కేకలు పెట్టారట. విద్యుత్తు పొదుపును తాను ఎవరికీ నేర్పలేదనీ, ఆ పిల్లల దగ్గరే నేర్చుకున్నాననీ కోటిరత్నం గారు అనేకమార్లు చెప్పుకున్నారు. గురువులను శిష్యులలో వెతుక్కునే ఈ అలవాటు ఆమెకు అప్పుడే పట్టుకున్నది. తరువాత దాని వల్ల ఒకసారి ఇబ్బందీ, ఒకసారి మేలూ రెండూ జరిగాయి. ఆ ముచ్చట ముందుముందు వస్తుంది.

1982లో ఆమెకు వినుకొండ ప్రాంతానికి బదిలీ అయింది. అక్కడి తరగతి గదిలో నాలుగు ట్యూబులైట్లు పట్టపగలు వెలుగుతుండేవి. కారణం విచారించగా, కిటికీకి అడ్డంగా ఒక ఇనుప బీరువా ఉన్నదనీ, దానిని జరపాలన్న ఆలోచన పదేళ్ళుగా ఎవరికీ రాలేదనీ తేలింది. మొదటి వారంలోనే ఆమె బీరువా జరిపించి కిటికీ తెరిపించారు. దీపం ఆర్పమని చెప్పే ముందు వెలుతురుకు దారి చూపాలన్నది ఆమె పద్ధతి. పద్నాలుగేళ్ళ పాటు అక్కడి పిల్లలకు ఉష్ణం, కాంతి, ధ్వని బోధించి, 1996 జూన్‌లో ప్రత్తిపాడు పక్కనున్న మన పాఠశాలకు విచ్చేశారు.

మన ఊరికి ఆమె తెచ్చిన గొప్ప ఉపద్రవం 1998లో ప్రారంభమైన "మీటరు పుస్తకం". ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ప్రతి ఉదయం ఇంటి మీటరు అంకె చూసి రాసుకోవాలి. దాని కింద "నిన్న మా ఇంట్లో ఊరికే నడిచినది ఏది?" అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రాయాలి. ఉద్దేశం ఉత్తమమైనదే. అయితే పిల్లలకు దాపరికం తెలియదు కదా! "మా బాబాయి టీవీ ముందు రెండు గంటలు నిద్రపోయెను" అని ఒకరు, "మా నాయనమ్మకు కోపం వచ్చి వరండాలో కూర్చుండెను, గదిలో ఫ్యాను తిరుగుచుండెను" అని మరొకరు రాసుకొచ్చారు. ఏ ఇంట్లో ఏం జరిగిందో వీధి అరుగుల కంటే ముందు కోటిరత్నం గారి బల్ల మీదికే చేరేది. ఆమె మాత్రం ఆ సమాచారాన్ని ఎన్నడూ దుర్వినియోగం చేయలేదు. ఒక్కోసారి తలవంచుకుని నవ్వుకునేవారని అటెండరు జోసఫ్ సాక్ష్యం.

తల్లుల సమావేశాలలో ఆమె ప్రసంగించేవారు కాదు. వంటింటి కబుర్లు చెప్పేవారు. కందిపప్పు ముందుగా నానబెడితే పొయ్యి మీద ఎంత సమయం కలిసొస్తుందో, గిన్నెకు మూత పెట్టడానికి ఎంత కష్టపడాలో అడిగేవారు. రోజుకొక చొక్కా ఇస్త్రీ చేసే బదులు వారానికి సరిపడా ఒకేసారి చేసుకోమనేవారు. ఫ్రిజ్ తలుపు తెరిచి ఏం వండాలా అని ఆలోచించేవారిని ఉద్దేశించి, "ఆలోచించి తెరవండమ్మా, తెరిచి ఆలోచించకండి" అన్న మాట ఊళ్ళో చాలా వంటిళ్ళలో నేటికీ వినపడుతుంది. ఈ సూత్రాలన్నీ ముందుగా తమ భర్త శివరామకృష్ణ గారి మీద ప్రయోగించి, ఆయన బతికి బట్టకట్టిన తరువాతనే ఊరికి చెప్పారన్నది గమనార్హం.

ఇంతటి జాగ్రత్తపరురాలు తొందరపడిన సందర్భం ఒకటున్నది. దానిని దాచవద్దని ఆమే కోరినందున ఇక్కడ రాయడమైనది.

2001 జనవరి 28, ఆదివారం. ఎనిమిదో తరగతి చదువుతున్న భవ్య, మిరప చేలో ఉన్న తండ్రి యలమందయ్య గారికి అన్నం క్యారియరు తీసుకువెళ్ళింది. ఆ వారం త్రీఫేజు కరెంటు పగటిపూట నాలుగు గంటలు వస్తున్నది. బావి మీద మోటారు నడుస్తున్నది. తండ్రి కలుపు తీసే కూలీలను మాట్లాడటానికి ఊళ్ళోకి వెళ్ళారు. చుట్టూ చూస్తే నరమానవుడు లేడు. "మనిషి లేని చోట నడిచేది ఏదైనా ఆపాల్సిందే" అని టీచర్ చెప్పిన మాట జ్ఞాపకం వచ్చింది. స్టార్టరు మీది ఎర్ర బొత్తాం నొక్కి, క్యారియరు గట్టున పెట్టి, పుణ్యకార్యం చేసిన ముఖంతో ఇంటికి వెళ్ళిపోయింది. యలమందయ్య గారు తిరిగి వచ్చేసరికి కరెంటు పోయింది. మూడు గంటల నీళ్ళు చేనికి చేరనే లేదు. మొదటి కోత అయి, రెండో కాపు పిందె పట్టే అదను అది. వచ్చే వారం కరెంటు రాత్రి వంతు. ఈలోగా తడవకపోతే పిందె రాలిపోతుంది.

సోమవారం ఉదయం భవ్య పుస్తకంలో ఈ వాక్యం ఉన్నది: "మా చేలో మోటారు నడుస్తున్నది. మనుషులు ఎవరూ లేరు. నేను ఆపాను." నలభై పుస్తకాలు దిద్దే తొందరలో కోటిరత్నం గారు దాని పక్కన ఎర్ర సిరాతో "శభాష్!" అని రాశారు. మధ్యాహ్నం యలమందయ్య గారు తరగతి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏందమ్మా, నీళ్ళు పారే మోటారు ఆపమని పిల్లకి చెప్పింది మీరేనంట?"

కోటిరత్నం గారు పుస్తకం తీసి మళ్ళీ చదివారు. ఎర్ర సిరాలో ఉన్న తన చేతిరాతతో సహా దానిని ఆయన వైపు తిప్పారు.

"నేనే చెప్పానండీ."

"పైగా శభాష్ అని రాశారా! మొక్కలు వడిలిపోతంటే శభాష్ ఏందండీ శభాష్? ఈ పిల్ల ఇంక బడికి రాదు. చేలో పని నేర్చుకుంటే సరిపోద్ది." కూతురి చెయ్యి పట్టుకుని ఆయన వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం స్టాఫు రూములో ప్రధానోపాధ్యాయులు వేణుగోపాల్ గారు, "పోనివ్వండమ్మా, కొన్నాళ్ళు ఈ పుస్తకాలు ఆపేద్దాం" అన్నారు. పుస్తకాలు ఆపడం కోటిరత్నం గారికి పెద్ద కష్టం కాదు. చదువు ఆగిపోయిన పిల్ల బెంచీ మాత్రం ఆమె కళ్ళముందు నుంచి కదలలేదు. పిల్ల చేసిన తప్పేమిటి? చెప్పినది చెప్పినట్టు చేసింది. మనిషి లేడు గనుక పని లేదని నేర్పినది ఎవరు? చేను కూడా దాహం వేసే ప్రాణియేనన్న ఇంగితం పాఠంలో పెట్టనిది ఎవరు? ఆ రాత్రి శివరామకృష్ణ గారు ఫ్యాను వేసుకుని పడుకున్నా ఆమె ఏమీ అనలేదట. పరిస్థితి ఎంత తీవ్రమైనదో ఆయనకు దానితో అర్థమైంది.

మంగళవారం కరెంటు వచ్చే వేళకు ఆమె తరగతి మొత్తాన్ని వెంటబెట్టుకుని చేనికి వెళ్ళారు. పిల్లలందరి ఎదుట, "తప్పు భవ్యది కాదండీ, నాది. చెప్పిందీ నేనే, మెచ్చుకుందీ నేనే. క్షమించండి" అన్నారు.

యలమందయ్య గారు కరగలేదు. "క్షమాపణలతో మొక్కలు తడుస్తాయా అమ్మా?"

కోటిరత్నం గారు తల తిప్పి నీళ్ళ వైపు చూశారు. బావి ఒడ్డున నిలువు గొట్టం రెండు నిలువుల ఎత్తుకు లేచి, అక్కడి నుంచి వంపు తిరిగింది. అందులోంచి నీళ్ళు ధబధబమని కాలవలోకి దూకుతున్నాయి.

"అంత ఎత్తు ఎందుకండీ?"

"మా నాన్న పెట్టించాడు. పైనుంచి దూకితేనే నీళ్ళకి వడి. రోడ్డు మీద పోయేవాడు కూడా ఆగి చూడాల."

"చూసేవాడికి బాగానే ఉందండీ. మోటారు మాత్రం ముందు నీళ్ళని అంతపైకి మొయ్యాలి, అవి మళ్ళీ కిందికే పడాలి. మొక్కేమో నేల మీద ఉంది గదా! ఒక్కసారి కొలిచి చూద్దామా?"

యలమందయ్య గారు ఒప్పుకున్నది నమ్మకంతో కాదు, టీచరమ్మ ఓడిపోతే చూడాలని. కాలవ మొదట్లో గొయ్యి తీసి ఖాళీ డ్రమ్ము దించారు. ఆమె చేతి గడియారం చూస్తుండగా పిల్లలు గొంతెత్తి లెక్కపెట్టారు. డ్రమ్ము నిండటానికి నలభై నాలుగు సెకన్లు పట్టింది. మోటారు ఆపి, పానాతో నిలువు గొట్టం ఊడదీసి, వంపును కిందనే బిగించి మళ్ళీ నడిపారు. ముప్పై ఆరు.

"పిల్లకాయలు తొందరగా లెక్కపెట్టారు!"

"అయితే గడియారం మీరే పట్టుకోండి."

ఆయన పట్టుకున్నారు. ముప్పై ఆరు. మరొకసారి డ్రమ్ము ఒంపి చూశారు. ముప్పై ఆరే. యలమందయ్య గారు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, తిరిగి ఇచ్చేశారు. ఊడదీసిన గొట్టాన్ని మళ్ళీ బిగించే ప్రయత్నం మాత్రం చేయలేదు.

బుధవారం నుంచి శనివారం వరకు, అదే మోటారు, అవే నాలుగు గంటలు. రోజుకు ఇంచుమించు గంట నీళ్ళు అదనంగా పారాయి. ఆదివారం మూడు గంటల నీళ్ళు అందక ఎండిన చేను శనివారం నాటికి తడిసింది. పిందె నిలబడింది. ఆ మరుసటి సోమవారం ఆయన భవ్యను సైకిలు మీద తెచ్చి గుమ్మంలో దించారు.

"ఇదుగో అమ్మా, మీ పిల్ల. స్విచ్చి మీద చెయ్యి పెట్టేముందు అడగమని చెప్పండి. ఎవర్ని అడగాల్నో కూడా చెప్పండి."

ఆ రోజే మీటరు పుస్తకంలో కొత్త ప్రశ్న చేరింది: "అది ఎవరి కోసం నడుస్తున్నది? అడిగావా?" భవ్య పుస్తకంలోని "శభాష్"ను కోటిరత్నం గారు కొట్టివేసి, పక్కన "నేను తొందరపడ్డాను" అని రాసి సంతకం చేశారు. ఎర్ర సిరాతోనే. ఆ పుట నేటికీ ప్రయోగశాల గోడకు వేలాడుతున్నది. విద్యార్థుల తప్పులు వేలాడదీసే గోడలు మనం చాలా చూశాం. ఉపాధ్యాయిని తన తప్పును తానే మేకు కొట్టి తగిలించిన గోడ బహుశా ఇదొక్కటే.

అటుపిమ్మట మన ఊరి బావుల మీద అనేక గొట్టాలు తలలు దించాయి. రోడ్డు మీద పోయేవారు ఆగి చూడాలని కోరుకునేవారు కొందరు ఇంకా లేకపోలేదు. వారి మనవలు ఇప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్నారు గనుక తొందర లేదు. భవ్య ప్రస్తుతం గుంటూరులో ఎలక్ట్రికల్ డిప్లొమా ముగింపులో ఉన్నది. యలమందయ్య గారు ఏటా మొదటి కోత మిరపకాయలు ఒక సంచెడు కోటిరత్నం గారి ఇంటికి పంపుతున్నారు. ఘాటు విషయంలో ఆయన పొదుపు పాటించరని శివరామకృష్ణ గారి ఫిర్యాదు.

గత జూన్ 30, శనివారం, ఉద్యోగ జీవితంలో చివరి దినం. సాయంత్రం తాళం వేయడానికి కోటిరత్నం గారు ప్రయోగశాలకు వెళ్ళారు. గది ఖాళీగా ఉన్నది. పైన ఫ్యాను తిరుగుతున్నది. ముప్పై నాలుగేళ్ళ అలవాటున చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది.

"ఎవరన్నా ఉన్నారా?"

బల్ల చాటు నుంచి, తడిగుడ్డతో జోసఫ్ తల పైకెత్తాడు. "నేనున్నానండీ. గచ్చు కడిగాను, ఆరడానికి వేశాను. తీసెయ్యమంటారా?"

"ఆరనివ్వు నాయనా" అని ఆమె స్టూలు లాక్కుని ఆ ఫ్యాను కిందనే, గచ్చు ఆరేదాకా, ఏ పనీ లేకుండా కూర్చున్నారు. ఆమెను పని లేకుండా చూడటం తనకు అదే మొదలని జోసఫ్ అంటాడు.

అది మొదలు మాత్రమే కావాలని మన పాఠశాల కుటుంబం, పిల్లల తల్లులు, మిరప చేలు ముక్తకంఠంతో కోరుతున్నాయి. ఇంతకాలం ప్రతి దీపానికీ కారణం అడిగిన కోటిరత్నం గారికి, ఇకమీదట నెత్తిన తిరిగే ఫ్యానుకు ఎవరికీ కారణం చెప్పనక్కరలేని నిండైన విశ్రాంతి లభించాలనీ, శివరామకృష్ణ గారి సాహచర్యంలో, మనవల అల్లరి నడుమ, నొప్పి పెట్టని మోకాళ్ళతో, మసకబారని కళ్ళతో ఆమె నూరేళ్ళు చల్లగా వర్ధిల్లాలనీ ఆకాంక్షిస్తున్నాము.