రాడ్డు బల్ల మీదే పెట్టాను

ఎన్నాళ్ళకోసారి తుడవాలనా? తుపాకినా? అడగడానికి నేనే దొరికానా అమ్మడూ నీకు. జన్మలో ఒక్కసారి కూడా పేల్చినవాణ్ణి కాదు, ఆ చప్పుడంటేనే నాకు దడ. సరే, కూర్చో. ఆ కుర్చీలో కాదు, దానికి ఒక కాలు ఇవాళో రేపో అన్నట్టుంది, ఇటు మంచం మీద కూర్చో. ఏదీ, ఇలా చూపించు. ఆఁ, అనుకున్నాను, ఇది మీ తాతదే. చూడు, చెక్క మీద చెంప ఆనించే చోటు ఎంత నున్నగా అరిగిపోయిందో. కాగితాలన్నీ నీ పేరు మీదికి మారాయి కదా? మంచిది. మీ తాత ఉండుంటే ఈ ప్రశ్న ఆయన్నే అడిగేదానివి, ఆయన నీకు మూడు పూటలా పాఠం చెప్పేవాడు, అంతా విని నువ్వు అచ్చం తప్పుగా నేర్చుకునేదానివి. నవ్వుతావేం, నిజం చెబుతున్నాను. తుపాకి తుడవడంలో బావని మించినవాడు లేడు, తుడిచి చెడగొట్టుకోవడంలోనూ లేడు.

నీకు ఆయన సరిగా గుర్తుండడులే, ఆయన పోయేనాటికి చంకనెత్తుకునే వయసు నీది. మా అక్కని చేసుకున్నాడు, అంటే మీ అమ్మమ్మని. పళ్ళ డాక్టరు. పళ్ళ డాక్టర్లలో రెండు రకాలు ఉంటారు, పీకేవాళ్ళూ, తోమించేవాళ్ళూ. ఈయన రెండో రకం. పొద్దున్నా రాత్రీ తోముకున్నావా అని పేషెంటునే కాదు, పక్కన తోడొచ్చినవాణ్ణి కూడా అడిగేవాడు. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు కూడా మా అక్క నవ్వితే ముఖం చూడలేదు, వెనక దంతాలు చూశాడు. ఇది అక్క చెప్పిన మాట, నేను కల్పించింది కాదు. అలాంటి మనిషి చేతికి తుపాకి వస్తే ఏమవుతుంది? అదీ ఒక నోరే ఆయనకి. పొడుగాటి నోరు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తోమాల్సిందే. ఇత్తడి రాడ్డు, దాని చివర బ్రష్షు, తర్వాత నలుచదరంగా కత్తిరించిన గుడ్డ పీలికలు, ఒకదాని తర్వాత ఒకటి. పీలిక తెల్లగా వెళ్ళి తెల్లగా బయటికొచ్చేదాకా వదిలేవాడు కాదు. ఆ నూనె వాసన ఎంత సబ్బు పెట్టినా వేళ్ళకి పోయేది కాదు. మా వీధి చివర మంగలి ఒకరోజు పన్ను కట్టించుకుని బయటికొచ్చి నాతో అన్నాడు, "మీ బావగారి హస్తవాసి మంచిదే గానీ బాబూ, నోరంతా తుపాకి రుచండీ" అని. తుపాకి రుచి నీకెలా తెలుసయ్యా అంటే, ఇప్పుడు తెలిసిందన్నాడు.

ఏం చెబుతున్నానూ. ఆఁ, బావ తుపాకి పేల్చే క్లబ్బు. మూసేసిన ఇటుకల బట్టీ వెనకాల పెద్ద మట్టిగుట్ట ఉండేది, దానికి అడ్డంగా చెక్కలు కొట్టి వాటికి కార్డులు తగిలించేవాళ్ళు. నేనప్పుడు ప్రెస్సులో పనిచేసేవాణ్ణి. పెళ్ళి కార్డుల్లో మిగిలిన అట్ట ముక్కల మీద నల్లమచ్చలు అచ్చేసి తెచ్చేది నేనే, ఆదివారాలు వాటిని మార్చేదీ నేనే. అందుకే చెబుతున్నాను, పేల్చడం రాకపోయినా ఎవరి చిల్లు ఎక్కడ పడేదో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. బావ కార్డు చూస్తే ఏడుపొచ్చేది. చిల్లులన్నీ ఒక బొత్తాం కింద దాచేయొచ్చు, అంత ముద్దుగా పడేవి. ఒక్కటి తప్ప. మొదటిది. అది మాత్రం పైకో పక్కకో, కొన్నిసార్లు పక్కవాడి కార్డుకో వెళ్ళేది. దాని తర్వాతది కూడా కాస్త అటూ ఇటూనే. క్లబ్బులో అందరూ "మొదటి గుండు దేవుడికి" అనేవాళ్ళు. ఆయన పడుకుని గురి పెట్టగానే టైలరు చెప్పులిప్పి దణ్ణం పెట్టేవాడు. టైలరు అంటే ఆయనకి పోటీగాడు. మహా వెటకారం మనిషి. బావేమో తప్పంతా గాలి మీద నెట్టేవాడు. ఒకసారి అద్దాలన్నాడు, ఒకసారి బెల్టు బిగుతన్నాడు, ఒకసారి ఏకంగా నేను అచ్చేసిన మచ్చ గుండ్రంగా లేదన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని అందరూ నవ్వేవాళ్ళు. నాకు కోపం వచ్చేది. మచ్చ గుండ్రంగానే ఉండేది.

అందరూ ఏమనుకున్నారంటే, డాక్టరుకి పిరికితనం, మొదటి గుండుకి చెయ్యి వణుకుతుందని. ఇది చిన్న మాట కాదు చూడు. చెయ్యి వణుకుతుందన్న మాట దర్జీకి వస్తే ఒక చొక్కా పోతుంది. పళ్ళ డాక్టరుకి వస్తే ఎవడైనా నోరు తెరుస్తాడా?

పక్క ఊరి క్లబ్బుతో ఏటా ఒక పోటీ ఉండేది. తూటాలు దొరకని రోజులు కదా, మా సెక్రటరీ, రిటైరైన డ్రాయింగు మాస్టారు, మహా పొదుపరి, ఆయన పెట్టిన నియమం ఏంటంటే పోటీరోజు ప్రాక్టీసు గుండ్లు లేవు. పడుకున్నావా, పేల్చావా, మొదటి గుండు నుంచీ లెక్కే. ఇక బావ గతి ఏంటో ఆలోచించు. వరసగా మూడేళ్ళు ఆయన మొదటి గుండు వల్లే మావాళ్ళు ఓడారు. ఆ ఏడు మాస్టారు ఇంటికొచ్చి, టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "డాక్టరుగారూ, ఈసారి కూడా ఇలాగే అయితే జట్టులో వేరేవాళ్ళని చూసుకుంటామండీ, ఏమనుకోకండి" అన్నాడు. ఆయన వెళ్ళాక బావ నాతో, "ఈసారి పోతే తుపాకి అమ్మేస్తానోయ్" అన్నాడు. నేను తమాషాకి అన్నాడేమో అనుకున్నాను. ముఖం చూస్తే కాదు. "పొద్దుట్నుంచి సాయంత్రం దాకా జానెడు దూరంలో ఎవడి నోట్లోకో చూస్తూ ఉంటానోయ్. వారానికి ఒక్కపూట దూరంగా చూస్తాను. అది కూడా చేతకాదంటే ఇంకెందుకు" అన్నాడు. అక్క గుమ్మం దగ్గరే ఉంది, వింది. విని నిమ్మకు నీరెత్తినట్టు గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక భయంతో మనిషి ఏం చేస్తాడు? తనకొచ్చిందే ఇంకా ఎక్కువ చేస్తాడు. మూడు పూటలా తోమడం మొదలుపెట్టాడు. గుడ్డలు అయిపోయాయి. అక్క తనే ఒక లంగా తెచ్చిచ్చి "ఇది చింపుకోండి" అంది. చింపుకున్నాడు పాపం, వరసగా పీలికలు కత్తిరించి సిగరెట్టు డబ్బాలో సర్దుకున్నాడు. పోటీకి ముందురోజు పొద్దున్నే ఇంట్లో రణరంగం. నేను వెళ్ళేసరికి అక్క నడుం మీద చేతులు పెట్టుకుని, "నా కొత్త లంగా ఎవర్నడిగి చింపారు?" అంటోంది. "నువ్వే ఇచ్చావు కదే." "నేనిస్తే పాతదిస్తాను గానీ కొత్తదిస్తానా? మీకు బుద్ధి ఉండక్కర్లేదా?" బావ కుక్కిన పేనులా కూర్చున్నాడు. అంతే, అక్క విసురుగా వెళ్ళి రాడ్డు, బ్రష్షు, పీలికల డబ్బా అన్నీ ఎత్తుకుపోయింది. మళ్ళీ కనిపిస్తే ఒట్టు. ఆ రోజంతా వెతికాడు. బీరువా కింద, నీళ్ళ డ్రమ్ము వెనక, ఆఖరికి క్లినిక్కులో పేషెంటు కుర్చీ కింద కూడా, అందులో పేషెంటు ఉండగానే. దొరకలేదు. దొరకదు. అక్క రాడ్డుని వంటింటి కిటికీకి అడ్డంగా పెట్టి దానికి తెర గుచ్చేసింది. ఆయన ఆ తెర ముందు నిలబడి టీ తాగుతూనే ఎక్కడుందబ్బా అనుకున్నాడు.

మర్నాడు పోటీకి వెళ్తున్నప్పుడు ఆయన నడక చూడాలి నువ్వు. పళ్ళు తోముకోకుండా పెళ్ళికి వచ్చినవాడిలా అందరికీ దూరదూరంగా నిలబడ్డాడు. తుపాకి మూతి ఎవరికీ కనపడకుండా రుమాలు చుట్టాడు. ముందురోజు సాయంత్రం బెంగకొద్దీ కాసేపు ప్రాక్టీసు చేసొచ్చాడు, తుడుద్దామంటే రాడ్డు లేదు, ఆ మసి అలాగే ఉంది లోపల. ఆయన వంతు వచ్చింది. టైలరు అలవాటుగా చెప్పులిప్పాడు. చప్పుడైంది. నేను కార్డు దగ్గరికెళ్ళి చూశాను, పైన చూశాను, పక్కన చూశాను, పక్కవాడి కార్డు చూశాను, ఎక్కడా లేదు. తీరా చూస్తే నట్టనడుమ ఉంది. అక్కడ చూడటం నాకు అలవాటు లేక కనపడలేదు. రెండోది దాని మీదే. తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను. టైలరు ఒంటికాలి మీద నిలబడి చెప్పు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. గెలిచారు. మాస్టారు బావని కౌగిలించుకుని, "ఈసారి ఏం చేశారండీ?" అంటే, బావ నిజాయితీగా, సిగ్గుతో చచ్చిపోతూ, "ఏమీ చెయ్యలేదండీ" అన్నాడు. అది వినయం అనుకున్నారు అందరూ.

అక్కని తర్వాత అడిగాను, లంగా వంకన రాడ్డు దాచావు సరే, నీకు తుపాకి సంగతి ఎలా తెలిసిందే అని. బట్టలు మడతపెడుతూ చెప్పింది, "నాకు తుపాకి సంగతేం తెలుసురా. ఆయన ముఖం తెలుసు. ఎప్పుడైనా పంటినొప్పివాడెవడో వచ్చి తుడవడానికి తీరిక లేకపోతే, ఆ ఆదివారం ఈలేసుకుంటూ వచ్చేవారు. బాగా తోమిన వారం తల వేలాడేసుకుని వచ్చేవారు. ఎన్నేళ్ళు చూస్తాను?" మరి చెప్పొచ్చు కదా అంటే, "చెబితే వింటారా, తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అంది. అసలు సంగతి మిలిటరీలో చేసొచ్చిన ఒకాయన తర్వాత నాకు విడమర్చి చెప్పాడు. తూటా వెళ్ళినప్పుడల్లా గొట్టం లోపల కాస్త మైనం, కాస్త సీసం పూత వేసుకుంటూ పోతుందిట. ఆ పూత సమంగా ఉన్నంతసేపూ గుండ్లన్నీ ఒక్కచోటికే వెళ్తాయి. అద్దంలా తోమేసి, పైగా నూనె కూడా పట్టించేస్తే మొదటి ఒకటి రెండూ ఎటో జారతాయి, మళ్ళీ పూత పడేదాకా అంతే. అలాగని అసలు తుడవకపోయినా తప్పే. టైలరు అలాగే, "నేను తుడవనండీ, అదే శుభ్రమవుతుంది" అని కోతలు కోసి కోసి, ఒక వానాకాలం లోపలంతా తుప్పు పట్టించుకుని, పోటీ మధ్యలో తూటాని లోపలికి తోసే బోల్టు బిగుసుకుపోతే దాన్ని చెప్పుతో కొట్టాడు. చెప్పులిప్పడం ఆయనకి అప్పుడు పనికొచ్చింది.

అందుకని నువ్వు, ఇది రాసుకోకు, విను చాలు, పేల్చిన ప్రతిసారీ బోల్టూ, గొట్టం పైభాగమూ తుడువు. చెమట చేతులు తగిలిన ఇనుము కదా. గొట్టం లోపల మాత్రం చిల్లులు చెల్లాచెదురవడం మొదలైనప్పుడే తుడువు, అది ఎప్పుడన్నది నీ కార్డే చెబుతుంది, నేను కాదు. చెమ్మగా ఉన్న రోజుల్లో దాచిపెట్టేటప్పుడు నూనె రాయి, పేల్చేముందు తుడిచెయ్యి. తోమినరోజు నాలుగు గుండ్లు ఉత్తినే మట్టికి కొట్టి, ఆ తర్వాత లెక్క మొదలుపెట్టు. రాడ్డు వెనక నుంచే పెట్టాలి, మూతి వైపు నుంచి పెడితే మూతి అరిగిపోతుంది. ఇదొక్కటీ మీ తాత సరిగ్గానే చేసేవాడు.

ఆయనకి తెలియలేదా అంటావా? తెలిసింది. ఆ గెలిచిన పోటీ మర్నాడే రాడ్డు గుమ్మం వెనక ప్రత్యక్షమైంది, ఆయన యథాప్రకారం రెండు పూటలా తోమాడు. మళ్ళీ ఏడు పోటీ వచ్చింది, మళ్ళీ రాడ్డు మాయం, మళ్ళీ మొదటి గుండు నడుమ. ఆ ఏడే, నేనూ ఆయనా వంటింట్లో టీ తాగుతుంటే గాలికి తెర పక్కకి జరిగింది. ఇత్తడి తళుక్కుమంది. ఆయన చూశాడు. చూడటం నేను చూశాను. అక్క వీపు మావైపుంది. టీ తాగేసి, "ఈ ఇంట్లో పెట్టింది పెట్టిన చోట ఉండదు" అని విసుక్కుంటూ లేచిపోయాడు. తర్వాతి ఏడాది నుంచి ఏం చేసేవాడో తెలుసా, పోటీకి ముందురోజు ప్రాక్టీసు నుంచి వచ్చి స్నానానికి వెళ్తూ, ఇల్లంతా వినపడేలా, "రాడ్డు బల్ల మీదే పెట్టానోయ్" అనేవాడు. ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు. బయటికొచ్చేసరికి బల్ల ఖాళీ. తల తుడుచుకుంటూ కాసేపు వెతికినట్టు నటించేవాడు. అక్క కూడా, "నాకేం తెలుసండీ, మీ సామాన్లు మీరే చూసుకోవాలి" అనేది. ఎన్నేళ్ళు సాగిందో ఈ నాటకం. ఇద్దరిలో ఒక్కరు కూడా నవ్వగా చూడలేదు నేను. నేను మాత్రం నవ్వాపుకోలేక వీధిలోకి పరిగెత్తేవాణ్ణి.

అక్క పోయిన ఏడు ఆయన పోటీకి వెళ్ళడేమో అనుకున్నాను. వెళ్తానన్నాడు. మీ అమ్మ అప్పటికి అత్తారింట్లో ఉంది, ఇంట్లో ఆయన ఒక్కడే. తోడుగా ఉందామని ముందురోజు నేను వెళ్ళాను. ముందుగదిలో పేపరు చూస్తున్నాను. తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్తూ, అలవాటు చూడు, "రాడ్డు బల్ల మీదే పెట్టానోయ్" అన్నాడు వంటింటి వైపు. అనేసి తలుపేసుకున్నాడు. నేను పేపరు పట్టుకుని అలాగే ఉండిపోయాను. నీళ్ళ చప్పుడు ఆగింది. బయటికొచ్చాడు. బల్ల దగ్గర ఆగాడు. నన్ను పిలవలేదు, నా వైపు చూడనూ లేదు.

"ఇక్కడే ఉందోయ్" అన్నాడు.

ఊఁ. ఆ కిటికీ రెక్క వెయ్యి అమ్మడూ, ఎండ ముఖం మీద పడుతోంది. నీకు టీ పెట్టమంటావా, ఇంకాసేపాగి తాగుదామా?