పంతొమ్మిదో మూర

బసవమ్మకి కోడలు దొరికిందిగాని కుదురు దొరకలేదంట. కోడలి పేరు ఆదెమ్మ. మంచి పిల్లే, ఎవర్నీ పల్లెత్తు మాట అనేది కాదు, పెట్టే చెయ్యే. కాకపోతే ఏమైందంటే, ఆ పిల్ల బుర్ర ఒక చోట నిలబడదు. అత్త పొద్దున్నే లెగిసి, అమ్మాయ్, బావికాడికి పోయి నీళ్ళు తే, వస్తా వస్తా కొట్లో ఉప్పు తీసుకో, ఈ జల్లెడ పక్కింటి అక్కకిచ్చిరా అని చెప్పిందనుకో, అట్టాగే అత్తా అని పోయేది. పోయి ఎప్పటికి వచ్చిందీ? పొద్దు నెత్తికెక్కినాక వచ్చింది. బిందె లేదు, ఉప్పు లేదు, జల్లెడ చంకలోది చంకలోనే ఉంది, ఎనకమాల ఎవరిదో తప్పిపోయిన మేకపిల్ల. ఇదేందే అంటే, "పాపం దారి తప్పి అరుస్తంది అత్తా, వాళ్ళ ఇల్లేదో కనుక్కుందామని ఈదులన్నీ తిరిగా" అందంట. బిందె బావిగట్టు మీదే ఉంది. సరే, గుర్తుండటానికి కొంగున ముడేసుకోవే అని అత్తే చెప్పింది. వేసుకుంది. సాయంత్రానికి కొంగు నిండా ముళ్ళే! ఏ ముడి దేనికే అంటే తెల్లమొహం వేసుకుని చూసేదంట. నవ్వబాకండి. నవ్వేవాళ్ళంతా పొయ్యి మీద ఏం పెట్టొచ్చారో ముందు గుర్తు తెచ్చుకోండి.

వాళ్ళు నేతగాళ్ళు. ఆ ఊరు ఊరంతా నేతే. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూసున్నారంటే మళ్ళీ బువ్వకే లెగిసేది. ఆదెమ్మ మొగుడు చౌడయ్య అట్టాంటోడే, కూసుంటే బండ కూసున్నట్టే. ఈళ్ళకొక ఆడపిల్ల, శంకరి, ఎనిమిదేళ్ళది. అది అచ్చం తల్లే దిగింది. రాట్నం ముందు కూసోబెట్టి నేతకి నూలు కండెలు చుట్టవే అంటే నాలుగు చుట్లు చుట్టేది, చూరు మీద కాకి అరిచిందా, కాకెనకాలే పోయేది. ఊళ్ళో వాళ్ళు ఈ గుణానికి పెట్టిన పేరు గాలి. తల్లికి గాలి పట్టింది, పిల్లకీ అదే గాలి దిగింది అనేవాళ్ళు. ఆదెమ్మ చిన్నప్పుడు వాళ్ళ పుట్టింటి ఊళ్ళో ఈ గాలి వదలగొడతామని పసుపుకొమ్ము కాల్చి ఎడం చేతి మణికట్టు మీద వాత పెట్టారంట. పుండు మానింది, మచ్చ ఉండిపోయింది, గాలి మాత్రం యాడికీ పోలా.

ఇంక ఏమైందంటే, ఆ ఊళ్ళో ఒక కట్టడి ఉంది. ఏటేటా ఊరి అమ్మోరు చౌడమ్మ తల్లికి కొత్త చీర నెయ్యాల. ఒక్కో ఏడు ఒక్కో ఇంటి వంతు. వంతొచ్చిన ఇంట్లో కోడలే నెయ్యాల. ఆమె పోగుని అటూ ఇటూ తోసే నాడె పట్టిందంటే ఇంకో చెయ్యి ఆ నాడెని ముట్టుకోకూడదు, మొగుడైనా సరే. దీపం పెట్టి నెయ్యకూడదు. పద్దెనిమిది మూరలు, తొమ్మిది రోజులు, తొమ్మిదో రోజు పొద్దు గూకేలోపల చీర మగ్గం దిగాల. ఆ ఏడు బసవమ్మ ఇంటి వంతు వచ్చిందంట. కులపెద్ద లింగయ్య నలుగుర్ని ఎంటేసుకుని వచ్చి అరుగు మీద కూసుని, బసవక్కా, మీ కోడలు తొమ్మిది రోజులు కూసుంటదా అన్నాడు. ఎందుకు కూసోదు అంది ఈమె. కూసోకపోతే అన్నాడు. కూసోకపోతే మాత్రం ఏంది అంది. "కూసోకపోతే ఆ గాలి మనిషిది కాదక్కా, ఇంటిది. ఇయ్యాల మీ ఇంట్లో ఉంది, రేపు మా మగ్గాల మీదకొచ్చిద్ది. పెద్దదానికి ఎటూ ముదిరిపోయింది, పిల్లది లేతగా ఉంది, దానికి వాత పెట్టి వదలగొట్టాల" అన్నాడంట. బసవమ్మ పౌరుషం గల మనిషి. నలుగుర్లో తగ్గటమంటే తల తీసినట్టే ఆమెకి. "నా కోడలు నేసుద్ది. ఒక మూర తక్కువైనా నా చేత్తో నేనే పెడతా, నువ్వు రానక్కర్లా" అనేసింది. పెదవి దాటితే పృథివి దాటుద్దంటారు గదా, అనేసినాక ఇంకేముంది? తలుపు చాటునించి ఆదెమ్మ విన్నది. కుడిచేత్తో ఎడం మణికట్టు పట్టుకుని నిలబడిందంట. లింగయ్య పోయినాక వచ్చి, "అత్తా, నేను కూసుంటా. నా బిడ్డ చెయ్యి మాత్రం కాల్చబాకు" అంది. అంతే అంది.

బసవమ్మ ఊరికే కూసుంటదా? తనకి తెలిసిన కట్టుదిట్టం అంతా చేసింది. కొడుకుని పక్కింటి మగ్గానికి పంపేసింది. పైన వెలుగుకి జానెడు సందు వదిలి కిటికీకి గోనెపట్టా కట్టింది. శంకరిని, దాని రాట్నాన్ని తీసకపోయి పెరట్లో గొడ్ల చావిట్లో పడేసింది. ఎందుకంటే, రెండు గాలులు ఒక గదిలో ఉంటే దీపం నిలబడిద్దా అంది. మాట బాగానే ఉంది గదా? మనమైనా అంతే అంటాం. కోడల్ని గుంటలోకి దించి, నాడె చేతికిచ్చి, తలుపు బయట గడియ పెట్టి, గడప మీద తనే కాపలా కూసుంది. లోపల టక టక, టక టక అని నేస్తంది. బాగానే ఉందే అనుకునేలోగా ఆగింది. తలుపు సందులోనించి చూస్తే, ఆదెమ్మ గుంట అంచున పోతన్న చీమల బారుని చూస్తా ఉంది. "అమ్మాయ్!" అంటే ఉలిక్కిపడి మళ్ళీ టక టక. మళ్ళీ ఆగింది. ఈసారి దూలం చూస్తంది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ఆ మూసిన గదిలో సద్దు లేదు, మనిషి లేదు. ఏమీ లేకపోతే బుర్ర కుదురుగా ఉండిద్దనుకుంది బసవమ్మ. ఏమీ లేకపోతే అది ఇంకా దూరం పోయిద్దని ఆమెకేం తెలుసు? నాలుగో రోజు పొద్దున కొలిచి చూస్తే ఎంత? మూడు మూరలు. ఇంక మిగిలింది పదిహేను.

అప్పుడు బసవమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. కళ్ళు నెత్తికెక్కినయ్యే నీకు, నీ బిడ్డ కోసమన్నా కూసోలేవా అని తిట్టింది. ఆదెమ్మ ఏడవలా, ఎదురు మాట్లాడలా. "నేను కూసునే ఉంటన్నా అత్తా. కాళ్ళు గుంటలోనే ఉంటన్నయ్యి, నేనే ఉండటంలా. ఎప్పుడు పోయానో నాకు తెలవదు. తిరిగొచ్చినాకే తెలుస్తంది, పోయానని" అందంట. పదేళ్ళ బట్టి బసవమ్మ ఇది పొగరనుకుంది, బద్ధకమనుకుంది, లెక్కలేనితనం అనుకుంది. అది ఆ పిల్ల చేతిలో లేదన్నమాట ఆమెకి ఎప్పుడూ తట్టలా. వంటింట్లోకి పోయి పసుపు కుండలో చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీసింది, చూసింది, మళ్ళీ కుండలోనే పడేసింది.

మనసు బాగోక బిందె తీసుకుని బావికి పోయింది. ఆ పోయేటప్పుడు, ఇనండి, గడియ పెట్టటం మర్చిపోయింది. ఆమె కూడా మర్చిపోయిద్ది మరి! నీళ్ళు తోడుకుని వస్తా ఉంటే ఈది మొగలోనే మగ్గం చప్పుడు ఇనపడింది. టక టక టక టక, ఆగకుండా వస్తంది. ఓరి దేవుడా, నా కొడుకు పెళ్ళాం మీద జాలితో నాడె ముట్టుకున్నాడు, కట్టడి తప్పింది అనుకుని బిందె అరుగు మీద పడేసి పరిగెత్తింది. తలుపు తోసి చూస్తే చౌడయ్య లేడు. ఆదెమ్మే నేస్తంది. పక్కనే శంకరి. చావిట్లో ఒక్కదానికీ తోచక రాట్నం ఎత్తుకొచ్చి తల్లి పక్కన పెట్టుకుని కండెలు చుడతంది. ఇద్దరూ ఏదో కాకి ముచ్చట చెప్పుకుంటన్నారు. నోళ్ళు ఆడతన్నయ్యి, చేతులూ ఆడతన్నయ్యి. ఎవతే నిన్ను లోపలికి రమ్మంది అని అరవబోయి, బసవమ్మ తన నోరు తనే మూసుకుంది. నిలబడి చూసింది. పిల్ల చెయ్యి ఆగిందనుకో, తల్లి నాడె చప్పుడుకి మళ్ళీ కదిలేది. తల్లి చూపు దూలం మీదకి పోయిందనుకో, రాట్నం కీచుమంటే కిందకి దిగేది. నాడెలో కండె అయిపోగానే తల్లి గుంటలోనించి లెగిసి గుక్కెడు నీళ్ళు తాగేది. పిల్ల పెరట్లోకి ఒక్క పరుగు తీసి, చింతచెట్టు ముట్టుకుని వచ్చి కొత్త కండె ఇచ్చేది. మళ్ళీ ఇద్దరూ కూసునేవాళ్ళు. కూసునేది కండెంతసేపే. కండెంతసేపు ఎవరైనా కూసోగలరు గదా!

బసవమ్మ మాత్రం ఒకసారి చూసి నమ్మే మనిషా? శంకరీ, ఇట్టా రావే అని పిల్లని వంటింట్లోకి పిలిచింది. మగ్గం కాసేపాడి ఆగిపోయింది. పోవే అంది. మగ్గం ఆడింది. మళ్ళీ పిలిచింది, ఆగింది. మళ్ళీ పంపింది, ఆడింది. మూడోసారి కూడా పిలిచి చూసి, అప్పుడు పోయి కిటికీకి కట్టిన గోనెపట్టా తనే పీకేసిందంట. విడదీస్తే దీపం నిలబడిద్దనుకున్నా, విడదీసి నేనేగా ఆర్పింది అనుకుంది. ఆ రోజునించీ ఆమె కాపలా మారిపోయింది. కోడలు బయటికి రాకుండా కాదు, బయటోళ్ళు లోపలికి పోకుండా కాసేది. మజ్జిగ ఇచ్చేటప్పుడు మజ్జిగ ఒక్క మాటే చెప్పేది, దాని ఎంట ఇంకో మాట కలిపేది కాదు. నూలు అయిపోయిన కండె ఒకటొకటీ చూరులో గుచ్చేది. ఎంత నేసిందీ ఎంత మిగిలిందీ బుర్రలో పెట్టుకోనక్కర్లా, తలెత్తితే కనపడిద్ది. అట్టా రోజుకి రెండున్నర మూరల పైచిలుకు లెక్కన సాగింది. ఒక రోజు రెండే అయితే ఇంకో రోజు నాలుగు అయ్యింది. తొమ్మిదో రోజు పొద్దునకి కొంగొక్కటే మిగిలింది, రెండు మూరలు.

మధ్యాన్నానికే లింగయ్య మనుషుల్తో వచ్చి అరుగు మీద కూసున్నాడు. లోపల మగ్గం ఆడతంది. బసవమ్మ బువ్వకి పిలిచింది, పలకలా. కొంగు అయిపోయిందా అమ్మాయ్ అంది, పలకలా. ఈదిలో తప్పెట్లు మొదలైనయ్యి, తల తిప్పలా. ఆ బుర్రకి ఆ గుణం కూడా ఉందన్నమాట, నిలబడదు నిలబడదు, నిలబడిందంటే ఇంక గునపమేసి తవ్వినా కదలదు. నాడె పట్టి ఆపుదామంటే కట్టడాయె. పొద్దు కొండ మీదకి వాలతంది, బసవమ్మ గడపకీ అరుగుకీ తిరగతంది. అప్పుడు శంకరి, "అమ్మా, నూలు అయిపోయింది, చుట్టటానికి ఏం లేదు" అంది. అప్పటికి ఆగింది ఆదెమ్మ, నిద్రలోనించి లెగిసినట్టు. చీర మగ్గం దించి పట్టుకొచ్చి అరుగు మీద పెట్టారు. పొద్దు ఇంకా ఉంది.

లింగయ్య మూరేసి కొలిచాడు. పదహారు, పదిహేడు, పద్దెనిమిది అన్నాడు. చేతిలో ఇంకా గుడ్డ ఉంది. పంతొమ్మిది! అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "ఇదేందమ్మా, అమ్మోరి చీర పద్దెనిమిది మూరలని తెలవదా? కొంగు కాడ ఆగొద్దూ?" అన్నాడు. పెద్దల ముందు ఎప్పుడూ నోరు తెరవని ఆదెమ్మ, రెండు చేతులూ చాపిందంట. "కూసోటం రాదని చిన్నప్పుడు ఈ చెయ్యి కాల్చారు పెద్దయ్యా. ఇప్పుడు లెగటం రాలేదని రెండోది కాలుస్తారా?" అంది. బసవమ్మ లోపలికి పోయి పసుపుకొమ్ము పట్టుకొచ్చింది. శంకరి తల్లి ఎనక్కి దాక్కుంది. బసవమ్మ ఆ కొమ్ముని లింగయ్య చేతిలో పెట్టి, "మూర తక్కువైతే నా చేత్తో పెడతానన్నా లింగయ్యా. మూర ఎక్కువైంది. ఎవరికి పెట్టాలో నువ్వే చెప్పు" అందంట.

లింగయ్య ఏం జెప్తాడు? తక్కువైతే ఏం జెయ్యాలో కట్టడిలో ఉందిగాని ఎక్కువైతే ఏం జెయ్యాలో లేదాయె. అమ్మోరి గుడ్డకి కత్తెర పెట్టకూడదాయె. తల గోక్కుని, సానరాయి తెమ్మని, ఆ కొమ్ముని తనే అరగదీసి, కొత్త గుడ్డకి పెట్టినట్టే చీర అంచుకి ఆ పసుపు పెట్టాడంట. ఆ ఏడు చౌడమ్మకి కుచ్చిళ్ళు ఎక్కువొచ్చి పాదాలు మూసుకుపోయినయ్యి. ఎంత నిండుగా ఉందో తల్లి అని ఊరు ఊరంతా దణ్ణాలు పెట్టింది.

ఇంక గాలి పోయిందా అంటే యాడికి పోయిద్ది? ఆదెమ్మ ఆ తరవాత కూడా కూరలో రెండుసార్లు ఉప్పేసింది, బిందె బావికాడే వదిలేసింది. కాకపోతే బసవమ్మ ఒకసారికి ఒక పనే చెప్పేది, రెండో పని కావాలంటే మొదటిది చేసి వచ్చినాకే చెప్పేది. శంకరిని కూడా గుంటలోకి దించారు. కండె కండెకీ అది పెరట్లోకి పరిగెత్తిద్ది, పరిగెత్తనీయండి అనేది ముసల్ది. అంతేగాని, తరవాతి ఏడు ఏమైందో తెలుసా? వంతొచ్చిన ఇంటికి లింగయ్య పోయి, చీర పంతొమ్మిది మూరలు నెయ్యాలన్నాడు. అదేంది, పద్దెనిమిదేగా అంటే, పోయినేడు అమ్మోరు పంతొమ్మిది కట్టింది, ఈ ఏడు తగ్గిస్తే ఊరుకుంటదా అన్నాడు. అప్పటినించీ అదే కట్టడి. కుదురుగల్ల కోడళ్ళందరూ పద్దెనిమిది నేసి నడుం పట్టుకుని, ఆ లెగటం రాని మనిషి మన ప్రాణానికొచ్చింది గదే అని తిట్టుకుంటా, ఇప్పటికీ ఆ పంతొమ్మిదో మూర నేస్తానే ఉన్నారంట.