లారీ ఆపించిన తాళాలత్త

ఏమే అమ్మలూ, ఏమన్నావు? ఇంకోసారి చెప్పు. కంపెనీలో సెక్యూరిటీ మేనేజరువా? నువ్వా? మరి అంత మెల్లగా చెబుతావేం, ఏదో తప్పు చేసినట్టు! మీ నాన్న ఏమన్నాడు? "గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడానికా నిన్ను ఇంత చదివించింది" అన్నాడా? అంటాడు, అంటాడు. వాడికేం తెలుసు! రా, ఇలా కూర్చో, ఆ మడత బట్టలు పక్కకి నెట్టెయ్. మా తాళాలత్త గురించి నీకెప్పుడూ చెప్పలేదూ? అదిగో, వంటింట్లోంచి మీ నానమ్మ నవ్వుతోంది విన్నావా, ఈయన మళ్ళీ మొదలుపెట్టాడు అని. నవ్వనీలే.

తాళాలత్త అంటే నాకు అత్త కాదు, ఎవరికీ అత్త కాదు. మా మందుల కంపెనీకి సెక్యూరిటీ చూసుకోవడానికి వచ్చిన పెద్దావిడ. పోయి చాలా ఏళ్ళయిందిలే. నేనప్పుడు డిస్పాచ్‌లో ఉండేవాణ్ణి, సరుకు లారీలకెక్కించే చోట. ఆవిడ ఇంకా రాకముందే పుకారు పుట్టింది, ఎవరో ఆడమనిషి వస్తోందట, కనిపించినదానికల్లా తాళం వేయిస్తుందట అని. అంతే, ముఖం చూడకుండానే పేరు పెట్టేశాం. తీరా వచ్చిన రోజు చేసిన మొదటి పనేంటో తెలుసా? ప్యాకింగ్ హాలు వెనక తలుపుకి ఎప్పుడూ గొలుసూ తాళమూ ఉండేవి. అది కోయించేసింది! "లోపల ఇంతమంది ఆడపిల్లలు పని చేస్తున్నారు, మంటలు లేస్తే వీళ్ళు ఎటు పోతారయ్యా?" అంది. మేం నోళ్ళు తెరుచుకుని చూశాం. అంతకుముందు సెక్యూరిటీ అంటే ఏంటనుకున్నావు? గేటు దగ్గర ఒక గుడ్లురిమే మనిషి. సాయంత్రం ఇళ్ళకెళ్ళే ఆడవాళ్ళ డబ్బాలు మూతలు తీసి కెలికేవాడు. అదీ మానిపించింది. "అడ్డమైనవాళ్ళూ పెద్ద గేటులోంచి దర్జాగా లోపలికి పోతుంటే, మనవాళ్ళ డబ్బాలు వెతుకుతారా?" అని చీవాట్లు పెట్టింది. ఇక ఆ రోజు నుంచి బయటివాళ్ళెవరైనా సరే మెడలో బ్యాడ్జి ఉండాల్సిందే. మా ఓనరు బావమరిదిని ఎండలో నిలబెట్టేసింది తల్లీ! ఆయన "నేనెవరో తెలుసా?" అని అరుస్తాడు, ఆవిడ "తెలుసండీ, అందుకే పేరు తప్పుల్లేకుండా రాయించాను, తీసుకోండి" అని బ్యాడ్జి చేతిలో పెడుతుంది. నవ్వలేక చచ్చాం.

ఆఁ, లారీ సంగతి. అసలు చెప్పాల్సింది అదే. మా దగ్గర పిల్లల జ్వరానికి సిరప్ తయారయ్యేది. లారీ నిండాక తలుపుకి ప్లాస్టిక్ సీలు వేయించేది ఆవిడ. ఒకసారి బిగిస్తే కొయ్యాల్సిందే, ఊడిరాదు. ఏ రంగు సీలు వెయ్యాలో మాత్రం బండి కదిలేముందు అప్పటికప్పుడు చెప్పేది. మాకు విసుగ్గా ఉండేది, ఇదేం చాదస్తం అని. ఇంకో మాట కూడా డ్రైవర్లకీ, ఊడ్చేవాళ్ళకీ, అందరికీ నూరిపోసింది: "మీకు ఏదైనా తేడాగా కనిపిస్తే లారీ ఆపెయ్యండి. అనుమానం తప్పని తేలినా మిమ్మల్ని ఎవరూ ఒక్కమాట అనరు, ఆ పూచీ నాది."

ఓ రోజు మధ్యాహ్నం మీసాల డ్రైవరు దారిలో ఏదో హోటలు నుంచి ఫోన్ చేశాడు. పెద్ద ఆస్పత్రులకి వెళ్ళే సరుకది, మా కంపెనీకి అన్నిటికంటే పెద్ద ఆర్డరు. నన్ను ఓనరు గదికి పిలిచారు. వెళ్ళేసరికి ఆవిడ ఫోన్‌లో ఉంది. అవతల మీసాల డ్రైవరు ఏడుపు మాకూ వినిపిస్తోంది, "అమ్మగారూ, తిందామని దిగానమ్మా, వచ్చి చూస్తే పసుపు సీలు పోయి ఎర్ర సీలుందమ్మా, తప్పు నాదేనమ్మా" అని. ఈవిడేమో తాపీగా, "తప్పుల సంగతి ఎవరడిగారయ్యా? బండి తాళం జేబులో వేసుకో. జనంలోనే ఉండు, మనవాళ్ళు వస్తున్నారు. ఇంతకీ నువ్వు తిన్నావా?" అంది. అదే ఇదివరకటి రోజుల్లో అయితేనా, ఉద్యోగం పోతుందని ఆ మనిషి నోరు మూసుకుని బండి తోలుకుపోయేవాడు!

ఓనరు మాత్రం అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. "సీలు బిగించే ఉందంటున్నాడుగా, రంగు మారితే ఏం, పోనివ్వండి! సాయంత్రానికి సరుకు అందకపోతే వాళ్ళు ఇంకో కంపెనీకి పోతారు!" ఆవిడ, "బండి వెనక్కి రావాలండీ. ఎందుకొస్తోందో ఆస్పత్రుల వాళ్ళకి మనమే ముందు చెప్పాలి." ఈయన బల్ల మీద గుద్ది, "చెప్పారంటే రేపట్నుంచి మీరు రానక్కర్లేదు!" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ మెడలో బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టింది. ఎదురుగానే ఫోన్ తిప్పింది. "మా లారీ మీద మాకు అనుమానంగా ఉంది, ఇవాళ పంపడం లేదు, మీరే వచ్చి చూసుకోండి." అంతే. పెట్టేశాక నా వైపు తిరిగి కాసిని మంచినీళ్ళు ఇమ్మంది. తాగేసి, సంచి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయిందే అమ్మలూ.

బండొచ్చింది. అందరం చుట్టూ మూగాం. ముందు వరస పెట్టెలు మనవే. వాటి వెనకవి విప్పి చూస్తే... అదే సీసా, అదే లేబులు, మన కంపెనీ పేరే. లోపల రంగు నీళ్ళు! హోటలు దగ్గర కాపు కాసి మంచి మందు దించుకుని ఇది ఎక్కించారు దొంగ వెధవలు. పోలీసులు ఆ ముఠాని తర్వాత పట్టుకున్నార్లే. మునుపు మేం వాడిన ఎర్ర సీళ్ళు చూసి అలాంటివే చేయించి పెట్టుకున్నారట, ఆ రోజు పసుపని వాళ్ళకేం తెలుసు! ఓనరు ఒక సీసా మూత తీసి వాసన చూశాడు. అలాగే ఖాళీ పెట్టె మీద కూలబడిపోయాడు. "మా మనవరాలికి జ్వరమొస్తే ఇదేగా పట్టిస్తాం" అన్నాడు, ఎవరితోనో తెలీదు.

మర్నాడు ఆస్పత్రుల వాళ్ళు దిగారు, ముఖాలు గంటు పెట్టుకుని. ఆర్డరు పోయిందనే అనుకున్నాం. వాళ్ళ పెద్దాయన హాలు మధ్యలో నిలబడి, "ఇక్కడ లారీ ఆపే అధికారం ఎవరికుంది?" అని అడిగాడు. మీసాల డ్రైవరు భయం భయంగా చెయ్యెత్తాడు. ఊడ్చే ఆవిడ ఎత్తింది. నేనెత్తాను. చూస్తుండగా హాలంతా చేతులే! "మా ఆస్పత్రులన్నిటికీ ఇకనుంచి మందు మీ దగ్గరే కొంటాం" అని చెప్పి వెళ్ళారు. అన్నిటికీనే! ఓనరు అప్పటికప్పుడు కారేసుకుని ఆవిడ ఇంటికి పోయాడు, నన్ను కూడా పట్టుకుపోయాడు. బతిమాలితే ఆవిడ ఏమందో తెలుసా? "నన్ను పిలవడం తర్వాత. ముందు ఆ డ్రైవరుకి అందరి ముందూ దండం పెట్టండి." పెట్టాడు! నా కళ్ళతో చూశాను. ఆ తర్వాత కంపెనీలో ఏ కొత్త పని తలపెట్టినా మొదటి రోజు నుంచీ ఆవిడ ఉండాల్సిందే. కొత్త బేరాలొస్తే ఓనరు తనే వాళ్ళని తీసుకొచ్చి లారీలూ సీళ్ళూ చూపించి మురిసిపోయేవాడు.

చాలా కాలం తర్వాత, ఆవిడ రిటైరయ్యే ముందు, క్యాంటీన్‌లో ఇద్దరమే ఉంటే అడిగాను, ఆ రోజు అంత ధైర్యం ఎలా వచ్చిందండీ అని. ధైర్యమా అని నవ్వింది. "మా తమ్ముడు ఒక ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. అది తేడాగా మోగుతోందని ఇంటికొచ్చి నాతో చెప్పాడు. మీ సారుతో చెప్పరా అన్నాను. తిడతాడక్కా అన్నాడు. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు" అంది.

అంతే, లారీ కదిలే వేళైందని సీళ్ళు తీసుకుని లేచి వెళ్ళింది.

ఆ కిటికీ కాస్త వెయ్యవే, గాలి ఎక్కువైంది.