అతకని ఫ్రేము

పగిలిన సైకిలు ఫ్రేము అతకడానికి మెకానిక్ గ్యాస్ వెలిగించబోతుంటే, ఆ సైకిలతని భార్య గబగబా షాపులోకి వచ్చింది.

"ఆపు అన్నయ్యా! ఇది ఇక అతకదని మా ఆయనతో చెప్పు."

"నా షాపులో అతకని ఫ్రేమా? నలుగురూ నవ్విపోతారమ్మా. ఇది చిటికెలో పని."

"అతికితే ఆయన మళ్ళీ ఎక్కుతారు."

"ఎక్కితే ఏం? కుక్క అడ్డొచ్చి పడ్డానన్నాడు."

"నాకూ అదే చెప్పారు."

మెకానిక్ హ్యాండిల్ కింద ఫ్రేము మెడను వేళ్లతో తడిమాడు. గొట్టం పక్కకు వంగలేదు, తిన్నగా వెనక్కి మడతపడింది.

"కుక్క అడ్డొస్తే ఎవడైనా హ్యాండిల్ తిప్పుతాడు. ఇది నేరుగా వెళ్లి గోడను గుద్దిన దెబ్బ."

"ఆయనకు కళ్లు తిరుగుతున్నాయి అన్నయ్యా. ఇంట్లోనూ పడ్డారు. డాక్టరు దగ్గరికి పదండంటే ఇంతెత్తున లేస్తున్నారు."

"ఇంకో సైకిలు కొంటే?"

"ఇది మా మామయ్యగారిది. ఇంకోటి చచ్చినా ఎక్కరు."

"అబద్ధమని తెలిస్తే జన్మలో నా మొహం చూడడమ్మా."

"మనిషంటూ ఉంటే కదా, నీ మొహం చూడ్డానికైనా!"

మెకానిక్ గ్యాస్ కట్టేసి, గోడకున్న రంపం తీసి, ఫ్రేము మెడ మీద ఆనించాడు.

"అబద్ధం నా వల్ల కాదు. కాస్త అటు తిరుగమ్మా."