రేకు చప్పుడు

కూతురి షెడ్డు. మూత ఎత్తి పెట్టిన కారుకి అటు తండ్రి, ఇటు కూతురు. తండ్రి షెడ్డు రోడ్డుకి అవతలే ఉంది. ఆయన ఆమెను అందులోంచి గెంటేసిన నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"చెయ్యి పెట్టకండి. ఇది నా షెడ్డు. నేను చెప్పాకే ముట్టుకోవాలి."

"అబ్బో, ఓనరమ్మ!"

"మేస్త్రిగారు రోడ్డు దాటి వచ్చారంటే చిన్న విషయం కాదు. ఏంటి సంగతి?"

"నాకేం సంగతి లేదు. ఫోటో స్టూడియో ఆయన బండి ఇది. ఇంజన్‌లో గలగలమంటోందని ఒకటే గోల. నీకు చూపించమని పట్టుబట్టాడు. సరే, నువ్వేం పొడుస్తావో చూద్దామని తెచ్చా."

"ఆయన పట్టుబట్టాడా, మీకే చేతకాలేదా?"

"ఏంటా గొణుగుడు? మాట్లాడితే నోరు తెరిచి మాట్లాడు."

"ఏం లేదు. గలగల ఎప్పుడొస్తోంది? పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడా, బండి వేడెక్కాకా?"

"అన్నప్పుడూ."

"ఆగి ఉన్నప్పుడా, ఎక్సలేటర్ తొక్కినప్పుడా?"

"అన్నప్పుడూ అన్నాగా! నాకే పరీక్ష పెడుతున్నావా?"

"లోపల సుత్తితో కొట్టినట్టుందా, డబ్బాలో మేకులు పోసి ఊపినట్టుందా? అంత కోపమెందుకు, ఇవన్నీ మీరు నేర్పిన ప్రశ్నలే."

"నేర్పాను. అన్నీ నేర్చుకుని నా కళ్ళెదుటే బోర్డు కట్టావ్."

"గెంటేస్తే ఎక్కడ కట్టుకోవాలి? ఆకాశంలోనా?"

"పదిమందిలో నా పనికి వంక పెడితే గెంటక నెత్తిన పెట్టుకుంటారా?"

"వంక ఉంది కాబట్టే... సర్లెండి. ఇప్పటిదాకా దీనికేం చేశారు?"

"ట్యాపెట్లు సరిచేశా. ఇంజన్ కింద రబ్బర్లు మార్చా. టైమింగ్ చైన్ మార్చా."

"చైన్ మార్చారా! అంటే ఇంజన్ సగం విప్పేశారా?"

"విప్పాల్సొచ్చింది, విప్పా."

"వినకుండానే?"

"విన్నా. విన్నాకే విప్పా."

"విని, చైన్ అని ఎలా అనుకున్నారు?"

"నువ్వా నాకు చెప్పొచ్చేది? ముందు స్టార్ట్ చెయ్యి. నోరు తప్ప చేతులాడవు నీకు."

"చేశా. అదిగో... ఇదేనా?"

"ఏది?"

"ఇదే! చెవుల్లో పొడిచినట్టు మోగుతోంది కదా."

"ఆఁ, అదే. అదే మరి."

"దీనికా చైన్ మార్చారు?"

"మళ్ళీ మొదలు."

"వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా. ఇది లోపలి చప్పుడు కానే కాదు. పొగగొట్టం వేడి పైకి తగలకుండా ఒక రేకు బిగిస్తారే, ఆ రేకు. బోల్టు ఊడి కొట్టుకుంటోంది. పనిలో చేరిన కొత్తలో నా కళ్ళకి గంతలు కట్టి మరీ ఈ చప్పుడు పట్టించారు మీరు."

"అది నాకు తెలీదా? నీకు తెలుస్తుందో లేదో చూద్దామని..."

"చూద్దామని ఎవరిదో ఇంజన్ విప్పుతారా?"

"చాలించు. బండి ఇచ్చెయ్, పోతా."

"ఒక్క నిమిషం. అటు తిరిగి నిలబడండి."

"ఎందుకు?"

"తిరగండి అన్నా!"

"అరవకు. తిరిగా. ఏంటీ నాటకం?"

"ఇప్పుడు వస్తోందా గలగల?"

"రాకేం? వస్తోంది."

"ఇప్పుడో?"

"ఇంకా ఎక్కువైంది. చాలా?"

"ఇటు చూడండి. నా చేతిలో స్క్రూడ్రైవర్ చూడండి. మీరు అటు తిరిగినప్పటి నుంచి దీంతో రేకుని నొక్కి పట్టుకునే ఉన్నా. ఇంజన్ నడుస్తోంది, అంతే. గలగల లేదు నాన్నా."

"మోత వినబడుతుందే. బరువు చప్పుళ్ళన్నీ వినబడతాయి. సన్నవే... సన్నవే పోయాయి."

"ఎప్పట్నుంచి?"

"నీకెందుకు?"

"డాక్టరుకి చూపించుకున్నావా?"

"చెవిలో మిషను పెట్టుకున్న మేస్త్రి దగ్గరికి బండి ఎవడు తెస్తాడే?"

"అందుకని దొరికిన బండినల్లా విప్పుకుంటూ పోతావా? రేపు ఏ బండో బ్రేకు కీచుమంటుంటే నీకు వినబడక పంపించేస్తే? అది ఎవరి మీదికో పోతే?"

"ఇప్పటిదాకా పోలేదు."

"పోలేదని ఎవరు చెప్పారు నీకు? విన్నావా?"

"చాల్లే! దొరికాగా నీకు. వెళ్ళి వీధంతా చాటింపు వేసుకో. ముసలాడి చెవులు పోయాయి, బళ్ళన్నీ ఇటు తోలుకురండి అని. నీ పంట పండింది."

"వేస్తా. ఎందుకు వెయ్యను? నన్ను గెంటినప్పుడు నీకు జాలేసిందా?"

"అదిగో, ఫోటోలాయనే వస్తున్నాడు. ఆయనతోనే మొదలెట్టు."

"ఏమ్మా, తేలిందా? మీ నాన్నగారు చైన్ మార్చినా ఆ గోల అలాగే ఉందమ్మా."

"తేలిందండీ. పొగగొట్టం మీది రేకు వదులైంది. ఒక్క బోల్టు పని."

"రేకా! మరి ఇంజన్ విప్పడమెందుకు?"

"నిన్నే అడుగుతున్నాడు. చెప్పవే. చెప్పు!"

"పొరపాటైందండీ. ఆ చైన్ ఖర్చు మేం పెట్టుకుంటాం."

"మేం అంటే ఎవరమ్మా?"

"మేమంటే మేమే. రేపట్నుంచి బండి ఏ షెడ్డుకొచ్చినా ముందు నేను వింటా, తర్వాత నాన్న విప్పుతారు."

"ఎవరడిగారే నిన్ను?"

"ఎవరూ అడగలేదు. ఆ పెట్టెలోంచి బోల్టు అందుకో."

"అదేంటమ్మా, మీరిద్దరూ మాట్లాడుకోరని వీధంతా చెప్పుకుంటారే?"

"మాట్లాడుకోమండీ. ఇకమీదట అరుచుకుంటాం. ఇద్దరూ బద్ధశత్రువులని ఈ వీధిలో ప్రతివాడూ నమ్మేంత గట్టిగా అరుచుకుంటాం."